ఎర్రలాంతరు సాక్ష్యం

"చొక్కా విప్పు నాయనా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అనానియాస్ కిరోస్.

సంకెళ్లు తీసినా యుసేబియోకి గుండీలు ఒక పట్టాన ఊడిరాలేదు. రెండోది విప్పుతుండగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. కిరోస్ లేచి వీపు నిమిరి, తన జేబురుమాలు చేతిలో పెట్టాడు. యుసేబియో మొహం తుడుచుకుని, సిగ్గుపడుతూ దాన్ని తిరిగిచ్చాడు. తెల్లటి రుమాలు నీలంగా మారిపోయింది.

అరటితోటకి ఆకుతెగులు పట్టిన దగ్గర్నుంచీ మైలుతుత్తం, సున్నం కలిపిన మందుని గొట్టాలతో చెట్లమీద కొట్టడమే ఇతని పని. ఇలాంటి వాళ్లు ఆ తోటలో రెండొందలమంది ఉన్నారు. జుట్టు, గోళ్లు, కనుబొమలు, చివరికి చెమట కూడా నీలిపచ్చగా ఉంటాయి కాబట్టి అందరూ వాళ్లని చిలకలని పిలుస్తారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ వాళ్ల దగ్గు విని ఉండడు.

"ఇంకా ఏం చూస్తారు సార్? ఒళ్లంతా సాక్ష్యమే!" అన్నాడు బర్రాంతెస్. ఈ తోటల ప్రాంతానికంతటికీ అతనే పోలీసు ఏజెంటు. కుర్చీ వెనక్కి వాల్చి చుట్ట కాలుస్తున్నాడు. "రాజధాని నుంచి తమరు రావడం మాకు గౌరవమే. కానీ కేసు నిన్ననే తేలిపోయింది. పన్నెండు గంటల రైలుకి వీణ్ణి ఓడరేవు జైలుకి పంపుతున్నాను. రెండున్నర గంటల టైముంది. ఈలోగా తోట చూసి రండి."

"ఓడరేవు జైల్లో ఖైదీలు ఎక్కడ పడుకుంటారు?"

"నేలమీద. ఆటుపోట్లొచ్చినప్పుడు కాస్త తడి కూడా ఉంటుందనుకోండి."

కిరోస్ యుసేబియో ఛాతీకేసి చూశాడు. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. విచారణ దాకా కాదు, ఆ తడిలో రెండు వారాలు కూడా ఈ మనిషి మిగలడు.

"నికనోర్‌ని నువ్వు చంపావా?" అని సూటిగా అడిగాడు.

"ఆయన్నా? అయ్యా, మా మేస్త్రీని చంపుకుంటే నాకు దిక్కెవరు?" యుసేబియో కళ్లలో నీళ్లు తిరిగాయి. "శనివారం సాయంత్రం నామీద అరిచాడు, నిజమే. అందరూ విన్నారు. 'రేపట్నుంచి గొట్టం ముట్టుకున్నావో కాళ్లు విరగ్గొడతా' అన్నాడు. ఎందుకన్నాడో ఎవరూ అడగలేదు. నా రొమ్ము పాడైపోతోందని అన్నాడయ్యా. నన్ను నీడపట్టున పనికి మార్చాలని."

"అహా! తిట్టినా ప్రేమే, కొట్టినా ప్రేమే" అని బర్రాంతెస్ వెక్కిరించాడు. "మరి ఆ రాత్రి పదిన్నరకి ఎక్కడున్నావురా?"

"ఇంట్లోనే. దగ్గొస్తుంటే మా దొమింగా బెల్లంనీళ్లు కాచి ఇచ్చింది."

"పెళ్లాం సాక్ష్యం!" బర్రాంతెస్ చుట్ట బూడిద రాల్చాడు. "నా దగ్గర ఇంతకన్నా గట్టిదుంది. తెలెస్ఫోరో చెప్పాడు. ఇరవయ్యేళ్లుగా రైలుపట్టాల దగ్గర లాంతరు చూపే మనిషి. చిలకని కళ్లారా చూశానన్నాడు."

కిరోస్ టోపీ పెట్టుకున్నాడు. "అయితే ఆ కళ్లనే చూసొద్దాం పదండి."

*

నికనోర్ శవం దొరికిన చోటు తోట చివర, పళ్లరైలు ఆగే పక్కపట్టా దగ్గరుంది. తల వెనక ఒకే దెబ్బ. రైలుపెట్టెలు తగిలించే ఇనపచువ్వ అక్కడే పడుంది. ఆ పక్కనే పనిముట్ల కొట్టు. వాన కురిసి అడుగుజాడలన్నీ కొట్టుకుపోయాయి. కిరోస్ నేలని పెద్దగా పట్టించుకోలేదు. లాంతరు తగిలించే కొక్కెం చూశాడు, శవం పడున్న చోటు చూశాడు. మధ్య దూరం ఓ పది అంగలుంటుంది.

తెలెస్ఫోరో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ముసలాయన. గడ్డం నెరిసింది. ఎవరు పలకరించినా ముందు బర్రాంతెస్ మొహంలోకి చూసి, తర్వాతే జవాబు చెబుతున్నాడు.

"భయపడకు పెద్దాయనా. ఆ రాత్రి వెన్నెలుందా?" అన్నాడు కిరోస్.

"మబ్బు సార్. చిమ్మచీకటి."

"మరి ఎలా కనబడ్డాడు?"

"నా లాంతరు వెలుగులో. ఇదిగో, ఇక్కడే వేలాడుతోంది. దెబ్బ చప్పుడు వినబడి తిరిగి చూశాను. ఒక మనిషి దీని ముందునుంచి పరిగెత్తాడు."

"లాంతరుకి ఏ అద్దం పెట్టి ఉంది? తెల్లదా?"

"ఎంత మాట! రైలు లోడింగులో ఉండగా తెల్లది చూపిస్తే డ్రైవరు బండి కదిలించేస్తాడు. గెలలెత్తే కుర్రాళ్లు చక్రాల కింద పోతారు." ముసలాయన నిటారుగా అయ్యాడు. "ఎర్రద్దమే సార్. నా నౌకరీలో ఒక్కసారి కూడా తప్పలేదు."

"వేరే దీపమేదీ లేదు?"

"మరోటి లేదు."

"అతను ఏ రంగులో కనబడ్డాడు?"

తెలెస్ఫోరో మళ్లీ బర్రాంతెస్ కేసి చూశాడు. "నీలంగా సార్. తలనుంచి కాళ్లదాకా. చిలకే."

బర్రాంతెస్ చేతులు దులుపుకున్నాడు. "విన్నారుగా! ఇంక బండెక్కుదామా?"

"ఒక్క ఆట ఆడదాం" అన్నాడు కిరోస్. "మీకు ఇష్టమేనా, లేక ఓడిపోతానని భయమా?"

ఆ మాటతో బర్రాంతెస్‌కి రోషం ముంచుకొచ్చింది. "నాకా? భయమా? కానివ్వండి!"

కిరోస్ కొట్టు తలుపులన్నీ మూయించాడు. సందుల్లో గోనెలు కుక్కించాడు. లోపల పట్టపగలే చీకటయింది. ఠాణా నుంచి తెచ్చిన బట్టల మూటతో మూలకి వెళ్లి, తాడు మీద మూడు చొక్కాలు ఆరేశాడు. తర్వాత తెలెస్ఫోరో ఎర్రలాంతరు వెలిగించి లోపలున్న మేకుకి తగిలించాడు.

"ఏజెంటు గారూ, వీటిలో ఒకటి యుసేబియోది. ఇందాక తమరి కళ్లముందే విప్పిందే. చూపించండి."

బర్రాంతెస్ ముందుకొంగి చూశాడు. రెండడుగులు దగ్గరికి వెళ్లాడు. "రెండు తెల్లవి, ఒకటి నల్లది. వాడిది ఇక్కడ లేదు. నన్ను వెర్రివాణ్ణి చేద్దామని దాచేశారు."

"తలుపు తియ్యి పెద్దాయనా."

వెలుగు పడగానే బర్రాంతెస్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తను తెల్లవన్న రెంటిలో ఒకటి తెల్లదే, రెండోది ఎర్రటి ఫ్లానెల్ చొక్కా. నల్లదన్నది మాత్రం ఆకాశం రంగు పేరుకుపోయిన యుసేబియో చొక్కా.

"ఇదేం కనికట్టు?"

"కనికట్టేం లేదు. పోలీసు అవకముందు కార్తాగోలో మా మావయ్య మందుల కొట్లో పొట్లాలు కట్టేవాణ్ణి. అప్పుడు నేర్చుకున్నా." కిరోస్ చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. "మైలుతుత్తంలో ఉన్నది రాగి. పగటి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కదా, రాగి అందులోని ఎరుపుని మింగేసి, నీలాన్ని మన కళ్లకి వదిలేస్తుంది. మరి ఈ లాంతరు ఇచ్చేదే ఒక్క ఎరుపు. అది కూడా మింగేశాక బయటికి ఏం వస్తుంది? ఏమీ రాదు. నల్లగా కనబడుతుంది. ఎర్రలాంతరు ముందు చిలక నీలంగా కనబడటం దేవుడి తరం కూడా కాదు ఏజెంటు గారూ."

ఆయన ముసలాయన వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "తెలెస్ఫోరో, నువ్వు నీలం చూళ్లేదు. ఆ మాట నీది కాదు. ఎవరిది?"

ముసలాయన కొట్టు గుమ్మం మీద కూలబడ్డాడు.

"నిన్న పొద్దున్నే ఏజెంటు గారు అడిగారు సార్. 'చిలకే కదూ? నీలంగా ఉన్నాడు కదూ?' అన్నారు. ఊఁ అన్నాను. నేను నిజంగా చూసింది చెబితే, డ్యూటీలో తాగానని ఇంటికి పంపేస్తారు. మనవలు నలుగురూ నా నౌకరీ మీదే బతుకుతున్నారు సార్."

బర్రాంతెస్ చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. "నేనేదో మాటవరసకి అడిగాను..." అని గొణిగాడు.

"ఇప్పుడు చెప్పు, నిజంగా ఏం చూశావ్?" అన్నాడు కిరోస్.

"తెల్లటి మనిషిని. కోటు, ప్యాంటు, అంతా తెలుపే. దయ్యమనుకున్నా. అంతకన్నా భయపడింది ఇంకోదానికి సార్." అతను తన ఎడమ జబ్బ పట్టుకుని చూపించాడు. "ఇక్కడ, కోటు చేతిమీద ఇంకో చెయ్యుంది. నల్లటి చెయ్యి. వేళ్లు విడివిడిగా. ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు. కానీ వెనకాల ఎవరూ లేరు. ఈ మాట ఎవరు నమ్ముతారు చెప్పండి?"

"నేను నమ్ముతాను" అన్నాడు కిరోస్.

*

ఇద్దరూ పోలీసు ఠాణాకి తిరిగొచ్చారు. మెట్ల దగ్గర బర్రాంతెస్ ఉండబట్టలేకపోయాడు.

"తెల్ల నారసూట్లు తోట ఆఫీసర్లందరూ వేస్తారు. పాతికమందున్నారు. ఎవరినని పట్టుకుంటారు? మీరు రాజధానికి వెళ్లిపోతారు, రేపు వాళ్ల మధ్య బతకాల్సింది నేను."

"అందుకని చిలకని పట్టుకున్నారా?"

బర్రాంతెస్ తలుపు తోసి లోపలికి నడిచాడు.

యుసేబియో గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కిరోస్ కటకటాల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"జాగ్రత్తగా గుర్తు తెచ్చుకో. శనివారం పని దిగాక, ఒళ్లు కడుక్కోకముందు, తెల్లకోటు వాళ్లని ఎవరినైనా ముట్టుకున్నావా?"

యుసేబియో తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందయ్యా. డాక్టరు గారిని. దవాఖానా మెట్లమీద ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. పెద్దాసుపత్రికి చీటీ రాయమని బతిమాలాను. 'నువ్వు దుక్కలా ఉన్నావు, పనికి పో' అని విదిలించేశారు. కోటు పాడైంది. పాపం, కొత్తది."

"డాక్టర్ ఎస్కలాంతెనా!" అని బర్రాంతెస్ నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ సంగతి నికనోర్‌కి చెప్పావా?"

"చెప్పాను. ఆయనకి ఒళ్లు మండిపోయింది. ఊపిరాడనోళ్లందరికీ బాగున్నారని రాసిచ్చేస్తున్నాడు, సోమవారం రైలుకి రాజధాని వెళ్లి ఈ దగ్గుల గుట్టంతా బయటపెడతాను, ఆ మాట వాడి మొహమ్మీదే చెప్పొస్తాను అంటూ ఆ రాత్రే పక్కపట్టా దారిన దవాఖానాకి బయల్దేరాడు."

సోమవారమంటే ఈవేళే. కిరోస్ చివాల్న లేచాడు. "ఆ కోటు కావాలి. ఇప్పుడే. ఆఫీసర్ల బట్టలు ఎప్పుడు ఉతుకుతారు?"

"సోమవారాలు" అన్నాడు బర్రాంతెస్ నెమ్మదిగా.

"ఎవరు?"

జవాబు కటకటాల లోపల్నుంచి వచ్చింది. యుసేబియో మొహంలో గర్వం లాంటిది కనబడింది. "మా ఆవిడేనయ్యా. డాక్టరు గారి బట్టలన్నీ దొమింగాయే ఉతుకుతుంది. ఎంత మొండి మరకైనా దాని చేతిలో నిలవదు."

కిరోస్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆగమని అరుస్తూ బర్రాంతెస్ కూడా వెనకాలే పరిగెత్తాడు. సాక్ష్యం దొరికితే అది రాజధాని వాడొక్కడి చేతిలోనే పడటం అతనికి ఇష్టం లేదు.

*

ఏటి ఒడ్డున బండమీద తెల్లకోటు పరిచి ఉంది. దొమింగా దాని ఎడమ చేతిని ఎండకెత్తి చూసుకుంటోంది. ముప్పయ్యేళ్లుంటాయి. రెండు రాత్రులుగా నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. పక్కనే పిండేసిన నిమ్మచెక్కల గుట్ట.

"ఆగమ్మా! ఉతక్కు!" అని కిరోస్ దూరం నుంచే కేకేశాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "అయిపోయింది బాబూ. ఏం, తప్పా?"

కిరోస్ కోటు అందుకున్నాడు. చెయ్యి తిరగేశాడు, వెలుగుకి పట్టాడు. మల్లెపువ్వులా ఉంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఆయన బండమీద కూర్చుండిపోయాడు.

"ఇక్కడ మరకుండేదా అమ్మా?"

దొమింగా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నిజం చెప్పేసింది. "ఉండేది బాబూ. చెయ్యి మరక. మా ఆయనదే, నాకు తెలుసు. ఆయనకి చిటికెనవేలు సగమే. ఎవరో సబ్బుతో రుద్దీ రుద్దీ పాడుచేశారు. చిలకల ఇళ్లలో ఎవరూ సబ్బు పెట్టరు. సబ్బు తగిలితే అది పచ్చగా మొండికేస్తుంది, నిమ్మరసానికే వదులుతుంది. డాక్టరు గారికి మా ఆయన మీద కోపమొస్తుందేమో, ఈ టైములో అసలే ఆయన దయ కావాలి కదా అని... నాలుగు కాయలు పిండి, ఒక్క గీత మిగలకుండా తీసేశాను. ఎందుకు బాబూ అలా చూస్తారు?"

తన మొగుణ్ణి కాపాడగల ఒకే ఒక్క మరకని ఆమె తన చేతులతోనే ఉతికేసింది.

"ఇంకేముంది!" అని బర్రాంతెస్ నిట్టూర్చాడు. కానీ ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

"పిండిన రసం ఏదమ్మా? ఏట్లో పారబోశావా?"

"లేదు బాబూ. ఈ గిన్నెలో నానబెట్టాను. ఇదిగో."

చిన్న సొరబుర్ర గిన్నె. అడుగున కాసిని నీళ్లు, చూడటానికి రంగే లేదు. కిరోస్ లోపలి జేబులోంచి చిన్న సీసా తీశాడు. తోటల్లోకి వచ్చినప్పుడల్లా తేలు కుడితే రాయడానికి అమ్మోనియా నీళ్లు దగ్గరుంచుకుంటాడు. మూత తీయగానే ఘాటుకి బర్రాంతెస్ ముక్కు మూసుకున్నాడు.

"మరక పోయిందేగానీ రాగి ఎక్కడికీ పోదు. ఎవరి పక్కన కూర్చుంటే ఆ రంగు వేస్తుంది. సున్నంతో ఉంటే ఆకాశం రంగు. నిమ్మరసంలో ఇలా పలచబడితే కంటికి ఆనదు. అమ్మోనియా పక్కకి వచ్చి చేరితే..."

సీసా వంచాడు. గిన్నెలో నీళ్లు ఒక్కసారిగా చిక్కటి సిరానీలమయ్యాయి. దొమింగా గుండెమీద చెయ్యేసుకుని వెనక్కి జరిగింది.

"ఏజెంటు గారూ, ఇది చూశారు. కోటు లోపల దవాఖానా ముద్ర ఉంది. చేతి ఆకారం ఈమె చూసింది, తెలెస్ఫోరో చూశాడు. చాలా?"

బర్రాంతెస్ గిన్నెలోకి వంగి చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "చాలు" అన్నాడు. "సాక్షి సంతకం నేనే పెడతాను. వాళ్ల మధ్య బతకడం సంగతి తర్వాత చూసుకుంటాను."

"అయ్యా, ఏమిటిదంతా?" అంది దొమింగా. "మా ఆయన్ని వదిలేస్తారా?"

"వదిలేస్తాం తల్లీ. నికనోర్‌ని చంపింది ఈ కోటు వేసుకున్నవాడు."

ఆమెకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. కోటు కేసి చూసింది, గిన్నె కేసి చూసింది. మొహంలో రక్తం ఇంకిపోయింది.

"డాక్టరు గారా? ఇందాకేగా ఇక్కడ ఆగారు! మరక పోయిందో లేదో చూసి, బాగా ఉతికావని మెచ్చుకున్నారు. 'దిగులుపడకు దొమింగా, నీ మొగుడి దగ్గుకి సూదిమందు పట్టుకెళ్తున్నాను, ఒక్క పోటు వేస్తే రైల్లో హాయిగా నిద్రపోతాడు' అన్నారు. నేను ఆయన చేతులకి ముద్దు పెట్టాను బాబూ!"

"ఎటెళ్లాడు?"

"చెరుకుతోట అడ్డదారిన. ఠాణాకే."

కిరోస్ బర్రాంతెస్ వైపు తిరిగాడు. "ఖైదీ గది తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా?"

బర్రాంతెస్ నడుముకున్న గుత్తిని తడుముకున్నాడు.

"రెండోది... పొద్దున్నే ఆయనకి ఇచ్చాను. ప్రయాణానికి ముందు ఖైదీని చూడాలన్నాడు. డాక్టరుకి ఎవడు కాదంటాడు సార్?"

ఇద్దరు పోలీసులూ అడుగు తీసి వెయ్యకముందే, దొమింగా కిరోస్ చేతిలోని కోటు లాక్కుని ఏట్లోకి విసిరేసి, ఉత్తకాళ్లతో చెరుకుతోటలోకి పరుగు తీసింది.